ఎవరికీ నచ్చని గొర్రెల ఆట

సెక్టర్ 7, భిలాయి
4 నవంబరు 2002

అన్నయ్యకి కాంతం వందనాలు.

నీ ఉత్తరం అందింది. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందంటే మనసు కుదుటపడింది. నువ్వు ఇచ్చిన ఎండుచేపల పొట్లం భద్రంగానే చేరింది. చేరనిది మీ బావ పరువే. రాయగడ దాటాక బోగీలో జనమంతా ఏకమై ఆయన్ని తలుపు దగ్గర నిలబెట్టారట. "మీ అన్నయ్య ప్రేమ వాసన రాయపూర్ దాకా కొట్టింది" అంటూ వచ్చీ రాగానే స్నానానికి పరిగెత్తారు.

ఇక్కడి విశేషం ఏమిటంటే, మీ మేనల్లుడు ఎబెన్ కంప్యూటరు కొన్నాడు. చదువుకోసమని చెప్పాడు. నమ్మాము. ఇప్పుడు మా ముందుగదిలో సెక్టర్ 7 కుర్రాళ్ళంతా బారులు తీరి కూర్చుంటున్నారు. మా చర్చి సంఘ పెద్దల కొడుకులు కూడా మినహాయింపు కాదు. తెర మీద తుపాకీతో మనుషుల్ని కాల్చడం, లేదా కారుతో గుద్దడం, ఇవే ఆటలు. టీ ఇద్దామని వెళితే ముందు ఎవరు బతికున్నారో చూసుకుని గ్లాసులు లెక్కపెట్టాలి.

వాడు దుర్గ్ నుంచి తెచ్చిన సీడీల్లో ఒకటి మాత్రం ఎవరికీ నచ్చలేదు. పది నిమిషాలు ఆడి, నవ్వుకుని, దాని మీద టీ గ్లాసులు పెట్టడం మొదలుపెట్టారు. పాపం అనిపించి తుడిచి, నాకు పెట్టి చూపించమన్నాను. మంచు దేశంలో ఒక ముసలి కాపరి. అతనికి ఒక గొర్రెల మంద. అతను నడుస్తాడు, ఈల వేస్తాడు, గొర్రెలు వస్తే వస్తాయి, రాకపోతే లేదు. మంచు పడుతుంది. ఒక్కోసారి అరగంట ఏమీ జరగదు. ఎబెన్ తల కొట్టుకుని, "మమ్మీ, యే గేమ్ నహీ, సజా హై" అన్నాడు. ఆట కాదట, శిక్షట.

నాకైతే ప్రాణం లేచొచ్చింది అన్నయ్యా. ఈ ఊళ్ళో అందరూ స్టీలు ప్లాంటు సైరను వెనక పరిగెత్తేవాళ్ళే. మీ బావ ప్లాంటులో కోక్ ఓవెన్స్ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒక వంట, వెళ్ళేసరికి ఒక వంట. ఈ ముసలాయన మాత్రం నన్ను తొందరపెట్టడు. మధ్యాహ్నం కుర్రాళ్ళు రాకముందు రోజూ కాసేపు ఆడుకుంటున్నాను. మొన్న గట్టి చలికి నాలుగు గొర్రెలు పోయాయి, ఇంకొన్ని మంచులో తప్పిపోయాయి. చాలా బాధపడ్డాను.

పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తోంది. ఉంటాను.

నీ చెల్లెలు
కాంతం


భీమునిపట్నం
15 నవంబరు 2002

చిరంజీవి కాంతమ్మకు, కొర్నేలి అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇచ్చట మేమందరము క్షేమం. నీ ఉత్తరం మీ వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. ఎండుచేపల ప్రయాణం దగ్గర ఆమె అనవసరంగా ఎక్కువసేపు నవ్వింది.

అమ్మాయ్, నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. లోకంలో కుర్రకారంతా తుపాకులు పట్టుకుంటే, నా చెల్లెలు కాపరి చేతికర్ర పట్టుకుంది! గొర్రెల కాపరి అంటే మనవాళ్ళకు ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? ఆ ఆట తయారుచేసినవాడు తప్పక విశ్వాసి అయివుంటాడు. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి, మనిషిని చేతిరాత చూసి చెప్పగలను. ఇతని చేతిరాత చూడకుండానే చెబుతున్నాను.

బుధవారం ప్రార్థన కూటంలో నీ విషయం పెట్టాను. "భిలాయిలో మా చెల్లెలి గొర్రెలు చలికి చనిపోతున్నవి, మనమందరం ప్రార్థించాలి" అన్నాను. కంప్యూటరు మాట ఎత్తలేదు. ఎత్తితే అదేమిటో వివరించడానికే కూటం సరిపోతుంది. కన్నమ్మ గారు వెక్కివెక్కి ఏడ్చారు. ఆమె చిన్నతనంలో వాళ్ళ ఇంట గొర్రెలుండేవట.

నీవు దిగులుపడకు. తప్పిపోయిన వాటిని వెతికి తీసుకురావడమే కదా కాపరి పని. ఎన్ని దొరికినవో వెంటనే వ్రాయగలవు.

ఇట్లు
నీ క్షేమం కోరే
కొర్నేలి


సెక్టర్ 7
1 డిసెంబరు 2002

అన్నయ్యా,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేకుండా చేశావు.

మీ కన్నమ్మ గారు కన్నీళ్ళు తుడుచుకుని నేరుగా ఫోను దగ్గరికి వెళ్ళినట్టున్నారు. ఇక్కడికి దగ్గర్లోనే కుమ్హారిలో ఉన్న వాళ్ళ తమ్ముడు రామచంద్రరావు బాబాయి పోయిన వారం మూత ఉన్న పెద్ద స్టీలు క్యాను పట్టుకుని బస్సు దిగాడు. ఆయన ముఖం చూసి ఐదేళ్ళయింది. వచ్చీ రాగానే నిష్ఠూరం. "ఏటమ్మా కాంతం! ఉతైలో పొలం తీసుకున్నారు, గొర్రెల్ని కొన్నారు, మాకు ఒక్క మాట సెప్పలేదేటి? సలికి సచ్చిపోయినవి సచ్చిపోయినాయి గానీ, ఉన్నవాట్లో క్రిస్మస్‌కి ఒక తొడ నాకు అట్టే పెట్టీయ్."

పక్కనున్న ఉతై పల్లెలో మాకు పొలం ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలీదు. గొర్రెలుంటే మేత ఉండాలి, మేతకి పొలం ఉండాలి కదా అని తోవలో ఎవరో పుణ్యాత్ములు కలిపి ఉంటారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తెర చూపించాను. కాపరి నడుస్తున్నాడు, గొర్రెలు వెనక వస్తున్నాయి. బాబాయి చాలాసేపు కళ్ళార్పకుండా చూసి, "అయితే ఇవి కొయ్యడానికి రావా?" అన్నాడు. రావన్నాను. "మరెందుకే ఇవి?" అన్నాడు. ఖాళీ క్యానుతో పంపలేక పప్పుచారు పోసి పంపాను.

నువ్వు అడిగావు గనక చెబుతున్నాను, తప్పిపోయినవి దొరకలేదు. దొరకవు కూడా. ఈ ఆటలో గెలవడం అంటూ లేదు అన్నయ్యా, అందుకే కుర్రాళ్ళకి మంట. ఎంత బాగా ఆడినా చలికాలం చివరికి మందలో కొన్నే మిగులుతాయి. పోయినసారి నాకు మూడు మిగిలాయి. ముసలాయన కిటికీలో దీపం పెట్టి, ఆ మూడింటినీ ఇంట్లోకి తోలుకుని పడుకున్నాడు. అంతే, అయిపోయింది. నంబర్లు లేవు, చప్పట్లు లేవు, నువ్వు ఓడిపోయావని ఎవరూ అరవరు. మళ్ళీ మొదలుపెట్టాను.

ఎబెన్ స్నేహితులు నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనీ. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. కానీ నువ్వు కూటంలో నా గొర్రెల్ని ఇంక ఎత్తకు. ఇంకో క్యాను వస్తే పోయడానికి పప్పుచారు లేదు.

కాంతం

వదినకి: పచ్చడి ఎవరి చేతనైనా పంపు. రైల్లో వద్దు, కొరియర్లో.


భీమునిపట్నం
12 డిసెంబరు 2002

చిరంజీవి కాంతమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు సరిగా భోజనం చేయలేదు. మీ వదిన మాత్రం, కంది పప్పు ఉడకలేదు గనక తినలేదని అంటున్నది. ఆమె మాట పట్టించుకోకు.

కాపరి ఓడిపోయే ఆట! ఇది ఏమి తలంపు అమ్మా? వెతికినవాడికి దొరకాలి, తట్టినవాడికి తెరవాలి. అలా కాక, వెతికినా దొరకదు, పోయింది పోయినట్టే అని చెప్పే ఆటను రోజూ మధ్యాహ్నం ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత ప్రమాదం! ఎవరో నిరాశావాది తయారుచేసి ఉంటాడు. పోయిన ఉత్తరంలో నేను విశ్వాసి అన్నది తొందరపాటు.

పోనీ నీవు కూడా అందరిలాగా బోరు కొట్టి వదిలేసి ఉంటే నాకు చింత లేదు. తుపాకీ ఆట ఆడినా, వయసు మీద పడ్డాక సరదా అనుకుందును. లోకమంతా ఆడుతున్నది. లోకంలో ఒక్కరికీ నచ్చనిది నీకొక్కదానికే నచ్చడంలోనే ఏదో ఉన్నది. చిన్నప్పుడు కూడా అంతే, అందరూ అరిసెలు తింటుంటే నీవు మాడిన చిమ్మిలి ఏరుకునేదానివి.

నా మాట ఎలాగూ వినవు గనుక, మీ సంఘ కాపరి చిన్నారావు పాస్టరు గారికి ఒక కార్డు వ్రాశాను. ఆయన నెమ్మదైన మనిషి. వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి వెళతారు. అంతకు మించి ఏమీ జరగదు.

కొర్నేలి


సెక్టర్ 7
9 జనవరి 2003

అన్నయ్యా,

అంతకు మించి జరిగింది.

పాస్టరు గారు ఒక్కరే రాలేదు. కార్డు గనక పోస్టుమాను దగ్గర్నుంచి అందరూ చదివినట్టున్నారు. సంఘ పెద్దలు నలుగురు, స్త్రీల సమాజం కార్యదర్శి మణిమాల, అందరూ కలిసి కొత్త సంవత్సరం కేకు ఇంకా అయిపోకుండానే మా ఇంటికి వచ్చారు. తలుపు తీసేసరికి ముందుగదిలో వాళ్ళ కొడుకులే తుపాకులు పేలుస్తున్నారు. తండ్రులు వాళ్ళని ఏమీ అనలేదు. "బాబూ, కాస్త లెగండి, ఆంటీ ఆట సూడాల" అని పక్కకి జరిపారు.

పెట్టాను. చూశారు. ప్లాంటు రైల్ మిల్లులో రిటైరైన పెద్దాయన కొంతసేపటికి, "ఏటమ్మా ఇది, ఈ ముసిలోడు ఇలా నడుస్తునే ఉంటాడేటి? ఎప్పుడు అవుతాదిది?" అన్నాడు. ఇంకో ఆయనకి కునుకు పట్టింది. మణిమాల మాత్రం తప్పు పట్టాలన్న పట్టుదలతో కళ్ళు చికిలించుకుని చూసింది. బూతు లేదు, రక్తం లేదు, జూదం లేదు. చివరికి పెద్దలు తీర్పు చెప్పారు. ఈ ఆటలో పాపం చెయ్యడానికి ఏమీ లేదు, ఎందుకంటే దీన్ని ఎవరూ ఆనందించలేరు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. నోరు జారాను. "నేను ఆనందిస్తున్నాను కదండీ" అన్నాను.

"అదే మా అనుమానం" అంది మణిమాల. "ఇలాటి రుచి ఉన్నావిడ పిల్లలకి కథలు సెప్తే, పిల్లలకి ఏటంటుకుంటాదో!"

ఇప్పుడు విషయం నా సండే స్కూలు మీదికి వచ్చింది. ఎబెన్ పుట్టకముందు నుంచీ నేను చెబుతున్న తరగతి. పాస్టరు గారు పాపం చేతులు నలుపుకుంటూ ఒక మార్గం చెప్పారు. నేను సంఘం ముందు నిలబడి, ఈ ఆటని ఓర్పు నేర్చుకోవడానికి ఆడుతున్నాను గానీ సరదాకి కాదు అని ఒక్క మాట అంటే చాలట. తరగతి నాదే. అనకపోతే మణిమాలది.

నాకు ఏడుపొస్తోంది అన్నయ్యా. ఆ పిల్లలకి ఇంట్లో తెలుగు రాదు, అన్నీ హిందీలోనే. నా దగ్గర పాటలు నేర్చుకునే అ ఆలు పట్టుకున్నారు. నన్ను ఆంటీ అనరు, టీచర్ దీదీ అంటారు, అంటే టీచరక్క. ఈ వయసులో నన్ను దీదీ అనేవాళ్ళు ఇంకెవరున్నారు? వారమంతా చాకిరీ చేసేది ఆ ఆదివారం ముఖాల కోసమే. పెనం మీద ఉన్నదాన్ని పొయ్యిలో పడేశావు. ఇప్పుడు ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

కాంతం


భీమునిపట్నం
17 జనవరి 2003

అమ్మాయ్ కాంతం,

చింతపడకు. కార్డు కాక కవరు వేసి ఉండవలసిందని మీ వదిన ఉదయం నుంచి అంటున్నది. జరిగింది జరిగింది. నీవు చదవవలసిన మాటలు నేనే సిద్ధం చేశాను. ఉన్నది ఉన్నట్టు చదువు.

"ప్రియ సంఘమునకు వందనములు. సహనమనే సద్గుణమును అలవరచుకొనుటకై, శారీరక వినోదముతో నిమిత్తము లేక, నేను ఒకానొక నీరసమైన ఆటను కష్టముతో అభ్యసించుచున్నాను. దీనివలన నాకు ఏ విధమైన ఆహ్లాదమును కలుగుటలేదని వినయముతో తెలియజేయుచున్నాను."

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. 'నీరసమైన' అన్నది నలుగురూ ఒప్పుకున్నదే. ఆహ్లాదం మాట దగ్గర గొంతు తగ్గిస్తే ఎవరికీ వినబడదు. తరగతి దక్కుతుంది. చిన్న మాటతో పోయేదానికి పెద్ద గొడవ దేనికి?

కొర్నేలి


సెక్టర్ 7
3 ఫిబ్రవరి 2003

అన్నయ్యకి,

నిన్న నిలబడ్డాను. నీ కాగితం చేతిలో ఉంది. "ప్రియ సంఘమునకు వందనములు" దాకా బాగానే చదివాను.

తర్వాత ముందు వరసలో నా పిల్లలు కనిపించారు. పోయిన నెలే వాళ్ళకి అబద్ధం ఆడకూడదని పాట నేర్పాను. చేతులు ఊపుతూ పాడే పాట. 'ఆహ్లాదమును' దగ్గర గొంతు తగ్గించమన్నావు కదా, అక్కడిదాకా వెళ్ళనే లేదు. కాగితం మడిచి, "నాకు ఆ ఆట సరదాగా ఉంటుందండీ. అందుకే ఆడుతున్నాను. ఓర్పు నాకు ముందు నుంచీ ఉంది, మా ఇంట్లో వాళ్ళని అడగండి" అన్నాను.

మీ బావ ఒక్కరే తలూపారు. మిగతా వాళ్ళంతా చర్చి ఫ్యాను వైపు చూశారు.

తరగతి మణిమాలకి ఇచ్చేశారు. మెట్ల దగ్గర ఒక పిల్ల నా కొంగు పట్టుకుని, "టీచర్ దీదీ, ఆప్ ఫెయిల్ హో గయీ క్యా?" అని అడిగింది. అవునమ్మా, ఫెయిలయ్యాను అన్నాను. ఇంటికి వచ్చి కంప్యూటరు ముట్టుకోబుద్ధి కాలేదు. నువ్వు దీని గురించి ఏమీ రాయకు. సలహా అసలే వద్దు.

కాంతం


భీమునిపట్నం
11 ఫిబ్రవరి 2003

కాంతం,

సలహా వ్రాయడం లేదు.

బుధవారం కూటంలో కన్నమ్మ గారు గొర్రెలు ఎలాగున్నాయని అడిగారు. చలికాలం అయిపోయిందని చెప్పి కూర్చున్నాను. మీ వదిన నీ ఉత్తరం చదివి, నీవు చేసినదే మంచిదని, నేను వ్రాసిన కాగితం పొయ్యి రాజేయడానికి కూడా పనికిరాదని అన్నది. నీకు తరగతి అంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. బాధగా ఉన్నది. పచ్చడి కొరియర్లో పంపాను.

అన్నయ్య


సెక్టర్ 7
24 మార్చి 2003

అన్నయ్యకీ, పచ్చడి పంపిన చేతులు గల వదినకీ, కాంతం వందనాలు.

పచ్చడి సీసా చెక్కు చెదరకుండా వచ్చింది. ఇంక అసలు సంగతి విను.

తరగతి పోయాక నెల్లాళ్ళు చర్చికి వెళ్ళబుద్ధి కాలేదు. వెళ్ళిన రోజు మొదటిసారి పెద్దవాళ్ళతో పాటు లోపల కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ప్రసంగం మొదలయ్యే సమయానికి పిల్లల్ని తీసుకుని వెనక షెడ్డుకి వెళ్ళిపోయేదాన్ని. చిన్నారావు పాస్టరు గారి ప్రసంగం ఆది నుంచి అంతం దాకా ఏనాడూ వినలేదు.

మహానుభావుడు ఒక్క మాట పట్టుకున్నాడు. దాని చుట్టూ తిరిగాడు. కొంచెం దూరం వెళ్ళాడు, అక్కడ ఏమీ కనబడక వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఇంకో వైపు వెళ్ళాడు. మధ్యలో ఎక్కడికి వెళుతున్నాడో మరిచిపోయి, నీళ్ళు తాగి, గుర్తొచ్చేదాకా నిలబడ్డాడు. రైల్ మిల్లు పెద్దాయన గురక పెట్టాడు. మీ బావ తల నా భుజం మీద పడింది. ఆడవాళ్ళు ఇంట్లో కోడికూర తలుచుకుంటూ గడియారం చూస్తున్నారు. చివరికి ఆయన చెప్పదలుచుకున్నదాంట్లో కొంచెమే మిగిలింది. ఆ కొంచెమే జాగ్రత్తగా చెప్పి కూర్చున్నాడు.

నాకు ఎంత నచ్చిందో చెప్పలేను అన్నయ్యా! నెల రోజుల తర్వాత మొదటిసారి మనసు తేలికపడింది.

తలుపు దగ్గర ఆయన అందరికీ వందనాలు చెబుతుంటే జనం చెప్పులు సగం తొడుక్కుని పారిపోతున్నారు. నేను ఆగి, "ప్రసంగం చాలా బాగుందండీ. ఇంకాసేపు చెప్పాల్సింది" అన్నాను. వెటకారం అనుకుని ఆయన నా ముఖంలోకి చూశారు. లేదని తెలిశాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగానా అమ్మా? నేను ఈ సంఘానికి వచ్చి ఇన్నేళ్ళయింది, ఈ మాట ఎవరూ అనలేదు. మా ఆవిడ కూడా అనలేదు" అన్నారు. మెల్లగా, "ఓర్పు కోసం విన్నావా తల్లీ?" అని అడిగారు. "సరదాకే విన్నానండీ" అన్నాను.

మరుసటి ఆదివారం పాస్టరు గారి ప్రకటన వచ్చింది. ఇకనుంచి సండే స్కూలు ఆరాధనకి ముందు, పొద్దున్న ఏడింటికే. టీచర్లు కూడా వాక్యం వినే భాగ్యానికి దూరం కాకూడదట. ఏడింటికి రమ్మనేసరికి మణిమాల, "నాకు టిఫిన్లు, క్యారేజీలు ఉంటాయి, నా వల్ల కాదు" అని పుస్తకాలు బల్ల మీద పెట్టేసింది. మిగతా ఆడవాళ్ళు కూడా ఎవరికి వాళ్ళే తప్పుకున్నారు. పెద్దలు నలుగురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని, "కాంతమ్మకి ఓర్పు ఉంది కదా" అన్నారు. నిన్న పొద్దున్న నా పిల్లలు కళ్ళు నులుపుకుంటూ వచ్చారు. అంతా వచ్చారు అన్నయ్యా, ఒక్కరు తగ్గకుండా. ఆ రోజు మెట్ల దగ్గర అడిగిన పిల్ల నన్ను చూసి, "పాస్ హో గయీ?" అంది. పాసయ్యానే తల్లీ అని ఎత్తుకున్నాను. బరువుగా ఉంది, నడుం పట్టేసింది, అయినా దింపలేదు.

ఒక్కటే ఇబ్బంది. తన ప్రసంగం నచ్చే మనిషి ఒకరు ఉన్నారని తెలిశాక పాస్టరు గారు చెలరేగిపోయారు. నా వైపే చూస్తూ చెబుతున్నారు. నేను తలూపితే ఇంకో కొండ ఎక్కుతున్నారు. నిన్న బయటికి వచ్చేసరికి రెండు దాటింది. పసిపిల్లల ఏడుపు, ముసలివాళ్ళ నీరసం, రైల్ మిల్లు పెద్దాయన రెండుసార్లు నిద్రపోయి రెండుసార్లు లేచాడు. ఎండలో నడిచి ఇల్లు చేరాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ మీ బావ అన్నారు:

"ఆ రోజు ఒక్క చిన్న అబద్ధం ఆడీసుంటే, సంఘమంతా ఏళకి ఇంటికొచ్చి అన్నం తిందుము కదే!"

నీ చెల్లెలు
టీచర్ దీదీ